జింక్ పైరిథియోన్: తలలో మందు, ఓడ అడుగున రంగు

అచ్యుతాపురం కూడలిలో కిరాణా కొట్ల ముందు తోరణాల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లలో చుండ్రుకని అమ్మేదాన్ని ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. సన్నటి అక్షరాల వరుసలో చాలావాటి మీద జింక్ పైరిథియోన్ అనే పేరు కనిపిస్తుంది. తుత్తునాగానికీ పైరిథియోన్ అనే కర్బన పదార్థానికీ జత కుదిరి ఏర్పడిన తెల్లటి పొడి ఇది. శిలీంధ్రాలను, కొన్ని బాక్టీరియాలను పెరగనివ్వదు. అరవై ఏళ్ళకు పైగా చుండ్రు షాంపూల్లో వాడుతున్న ముఖ్యమైన మందుల్లో ఇదొకటి. ఇదే పొడిని గోడల రంగుల్లో బూజు పట్టకుండా, ఓడల అడుగున పూసే రంగుల్లో గుల్లలు పట్టకుండా కలుపుతారు. 2022 మార్చి 1 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో సౌందర్య సాధనాల్లో దీని వాడకం నిషిద్ధం. అమెరికాలోనూ మన దేశంలోనూ అమ్మకం సాగుతూనే ఉంది.

తలకు మేలు చేసేది ఓడకెందుకు, ఒక దేశంలో కూడనిది మరో దేశంలో ఎలా కూడుతుంది అన్న ప్రశ్నలకు జవాబు ఈ పదార్థపు గుణాల్లోనే ఉంది. ఆ జవాబు తెలుసుకోవలసిన అవసరం అచ్యుతాపురానికి ఎక్కువ. ఒకప్పుడు విశాఖ జిల్లాలోనూ 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ మండలంలో మందుల కర్మాగారాలున్నాయి. పక్కనే రాంబిల్లి మండలం పూడి దగ్గర ఏషియన్ పెయింట్స్ కర్మాగారం, తీరాన పూడిమడక జాలరుల వాడలు, కాస్త ఉత్తరంగా వెళితే విశాఖ రేవు, నౌకానిర్మాణ కేంద్రం ఉన్నాయి. పైరిథియోన్‌తో పొత్తున్న బతుకులు ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోట్లు తక్కువ.

చుండ్రు ఎందుకు వస్తుంది

చుండ్రు మురికి వల్ల రాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. పొట్టు రాలుతున్న పిల్లను "సరిగ్గా తలంటుకోవు" అని కసురుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

మనుషులందరి నెత్తి మీదా మలసేజియా అనే ఈస్టు శిలీంధ్రం కాపురముంటుంది. 1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ మలసే దీన్ని వర్ణించాడు. తర్వాత ఆ ప్రజాతికి ఆయన పేరే పెట్టారు. చుండ్రులో ప్రధానంగా పాలుపంచుకునేవి గ్లోబోసా, రెస్ట్రిక్టా అనే రెండు జాతులు. 2007లో గ్లోబోసా జన్యుపటాన్ని పూర్తిగా చదివినప్పుడు, కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే జన్యువు దానికి లేదని తేలింది. మన నెత్తి జిడ్డే దానికి తిండి. అనకాపల్లి రైతుకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది: చెరకుకు, జొన్నకు, మొక్కజొన్నకు కాటుక తెగులు తెచ్చే శిలీంధ్రాలకు ఇది దగ్గరి చుట్టం.

ఈ జీవి లైపేజులనే ఎంజైములను వదిలి నెత్తి మీది జిడ్డును కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. వాటిలో సంతృప్త ఆమ్లాలను తాను తింటుంది. ఓలియిక్ ఆమ్లం లాంటివి చర్మం మీద మిగిలిపోతాయి. అవి పడనివారికి చర్మపు పైపొర దెబ్బతిని దురద పుడుతుంది. కణాలు పక్వానికి రాకముందే గుత్తులుగా పైకి వచ్చి పొట్టుగా రాలతాయి. ఓలియిక్ ఆమ్లం పడేవారి తలలో అదే శిలీంధ్రం ఉన్నా ఏమీ కాదు. అందుకే ఒకే ఇంట్లో, ఒకే షాంపూ వాడే అక్కచెల్లెళ్ళలో ఒకరికి చుండ్రు ఉండి మరొకరికి లేకపోవచ్చు. తలకప్పులతో మందుల కంపెనీల్లో, హెల్మెట్లతో ఉక్కు కర్మాగారంలో షిఫ్టు గడిపేవారికి చెమట, జిడ్డు నెత్తి మీదే నిలిచి దురద మరింత తెలుస్తుంది.

తలకు నూనె పెడితే చుండ్రు తగ్గుతుందన్న నమ్మకం ఇక్కడే తడబడుతుంది. నువ్వుల నూనెలో ఐదింట రెండు వంతుల వరకు ఓలియిక్ ఆమ్లమే. ప్రయోగశాలల్లో మలసేజియాను పెంచడానికి ఆలివ్ నూనె కలిపిన మేత వాడతారు. నూనె రాస్తే పొట్టు తలకు అంటుకుపోయి కనబడదు గాని చుండ్రు పోదు. తలంటుకు ముందు పట్టించి కడిగేసే నూనెతో పెద్ద చిక్కు లేదు. చుండ్రు ఉన్న తలలో రోజంతా నిలవుండే నూనెతోనే చిక్కు.

కుంకుడుకాయ సంగతి వేరు. విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే కుంకుళ్ళను, శీకాయను కొంటుంది. కుంకుడులోని సపోనిన్లు జిడ్డును చక్కగా వదలగొడతాయి. అంటే శిలీంధ్రం కంచంలో కూడు తీసేస్తాయి. ముదిరిన చుండ్రుకు అది చాలదు, శిలీంధ్రాన్నే అణిచే మందు కావాలి.

పుట్టుక, నిర్మాణం, తయారీ

పైరిథియోన్ సంశ్లేషణను 1950లో అమెరికాలోని స్క్విబ్ పరిశోధకులు ప్రకటించారు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తయారుచేసే ఆస్పర్‌జిల్లిక్ ఆమ్లానికి సూక్ష్మజీవులను చంపే గుణముంది. దాన్ని అనుకరిస్తూ అల్లిన అణువుల్లో ఇదొకటి. ఒక బూజు దగ్గర నేర్చిన విద్యను మరో శిలీంధ్రం మీద ప్రయోగించారన్నమాట. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ దీని జింకు లవణంతో దాదాపు పదేళ్ళు పనిచేసి, 1961లో హెడ్ అండ్ షోల్డర్స్ షాంపూను అమెరికా బజారులోకి తెచ్చింది. మన దేశంలో క్లినిక్ ఆల్ క్లియర్ టీవీ ప్రకటనలు 'జడ్‌పీటీఓ' అనే పొట్టిపేరుతో దీన్ని ఇంటింటికీ పరిచయం చేశాయి.

అణువులో పది కార్బన్, ఎనిమిది హైడ్రోజన్, రెండేసి నైట్రోజన్, ఆక్సిజన్, గంధకం, ఒక జింకు పరమాణువు ఉంటాయి. అణుభారం సుమారు 317.7. నడుమ జింకు, దానికి ఇరుపక్కలా రెండు పైరిథియోన్లు ఉంటాయి. ఒక్కో పైరిథియోన్ ఒక చేయి ఆక్సిజన్‌తో, మరో చేయి గంధకంతో జింకును పట్టుకుంటుంది. సుమారు 240 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది విచ్ఛిన్నమవుతుంది. నీటిలో దాదాపు కరగదు. లీటరుకు 8 మిల్లీగ్రాముల మేర కరుగుతుంది, అంతే.

ఈ కరగని గుణమే దాని బలం. షాంపూలో ఇది సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. నీళ్ళు పోసి కడిగాక కూడా కొన్ని రేణువులు నెత్తిని అంటిపెట్టుకుని, తర్వాతి రోజుల్లో కొద్దికొద్దిగా పనిచేస్తాయి. వాటిని అలా అతికించే పనిని చాలా షాంపూల్లో గోరుచిక్కుడు గింజల జిగురుతో చేసిన పాలిమర్ చేస్తుంది. మనం కూర వండుకునే గోరుచిక్కుడే అది.

కర్మాగారంలో 2-క్లోరోపిరిడీన్‌ను ఆక్సీకరణం చెందించి, సోడియం హైడ్రోసల్ఫైడ్‌తో చర్య జరిపితే నీటిలో కరిగే సోడియం పైరిథియోన్ వస్తుంది. దానికి జింకు సల్ఫేటు కలిపితే తెల్లటి మడ్డిగా జింక్ పైరిథియోన్ అడుగున దిగుతుంది. వడకట్టి, కడిగి, రేణువు సైజు కుదురుస్తారు. జింకు విశాఖకు కొత్త కాదు. హిందుస్థాన్ జింక్ సంస్థ 1977లో ఇక్కడ మొదలుపెట్టిన జింకు శుద్ధి కర్మాగారం 2012లో మూతపడేదాకా ఆ లోహాన్ని తీసింది. చుండ్రు షాంపూల్లో వేసే క్రియాశీల పదార్థాల తయారీలో తెలుగువాళ్ళకూ వాటా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన వివిమెడ్ ల్యాబ్స్ వాటిని దేశదేశాలకు అమ్మింది. 2015లో ఆ వ్యాపారాన్ని స్విట్జర్లాండ్ సంస్థ క్లారియంట్ కొనుక్కుంది.

రాగిని మోసే కూలీ

ఇది ఎలా పనిచేస్తుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. జింకే మందని కొందరనుకున్నారు. 2011లో వెలువడిన ఈస్టు పరిశోధనలు అసలు సంగతి బయటపెట్టాయి. పైరిథియోన్ తన జింకును వదిలి, పరిసరాల్లో అతి స్వల్పంగా ఉండే రాగిని ఎత్తుకుంటుంది. లోహాలను కట్టడి చేసే కణపు పొరను దాటించి దాన్ని లోపల దించుతుంది. లోపల రాగి పెరిగిపోతే ఇనుము-గంధకం గుత్తులున్న ప్రోటీన్లు చెడతాయి. కణం బతకడానికి అవసరమైన ఎన్నో పనులు ఆ ప్రోటీన్లవే. తర్వాతి పరిశోధనలు మలసేజియాలో జింకు పెరగడం, శక్తినిచ్చే మైటోకాండ్రియా పని కుంటుపడటం, లైపేజుల తయారీ తగ్గడం కూడా చూపాయి. ఒకే తాళానికి పట్టే తాళంచెవిలా కాక పలుచోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి దీన్ని తట్టుకోవడం శిలీంధ్రానికి అంత తేలిక కాదు.

వాడవలసిన తీరు

అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధనల ప్రకారం చుండ్రుకు కడిగేసే రకాల్లో 0.3 నుంచి 2 శాతం వరకు, కడగకుండా వదిలేసే రకాల్లో 0.1 నుంచి 0.25 శాతం వరకు జింక్ పైరిథియోన్ ఉండవచ్చు. జిడ్డు పొలుసులతో ఎర్రబడే సెబోరిక్ డెర్మటైటిస్‌కు కడిగేసే రకంలో 0.95 నుంచి 2 శాతం దాకా అనుమతి ఉంది. మామూలుగా షాంపూల్లో ఉండేది 1 శాతం.

చాలామంది చేసే పొరపాటు తొందర. నురగ రాగానే కడిగేస్తే రేణువులు నెత్తికి పట్టవు. జుట్టు తడిపి, వేళ్ళ కొసలతో షాంపూను నెత్తి చర్మానికి చేర్చి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. మందు వెంట్రుకలకు కాదు, వాటి కుదుళ్ళున్న చర్మానికి. వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు వాడి చూడాలి. తగ్గాక పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. నెత్తి మీది శిలీంధ్రం ఎక్కడికీ పోలేదు మరి. వారానికో పదిరోజులకో ఒకసారి వాడుతుంటే అదుపులో ఉంటుంది. చిన్న ప్యాకెట్‌ను ఇద్దరు పంచుకుంటే పొడుగు జుట్టుకు చాలదు.

తోటి మందుల్లో కీటోకోనజోల్‌ది పెద్దపీట. బెల్జియంలోని జాన్సెన్ సంస్థ 1970ల్లో కనిపెట్టిన ఈ మందు శిలీంధ్రపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతుంది. తీవ్రమైన చుండ్రు ఉన్న 331 మంది మీద జరిగి 2002లో వెలువడిన పరీక్షలో నాలుగు వారాలకు 2 శాతం కీటోకోనజోల్ షాంపూ 73 శాతం మెరుగుదల చూపితే, 1 శాతం జింక్ పైరిథియోన్ 67 శాతం చూపింది. తేడా ఉంది గాని కొండంత కాదు. కీటోకోనజోల్‌ను మందుల దుకాణంలో, డాక్టరు సలహాతో కొనాలి. జింక్ పైరిథియోన్ కిరాణా కొట్లో దొరుకుతుంది. చుండ్రు మామూలుదైతే రెండో దానితో మొదలుపెట్టడమే తెలివైన పని. సెలీనియం సల్ఫైడ్, క్లింబజోల్, పిరోక్టోన్ ఒలమీన్ ఇదే వరుసలోని మరికొన్ని మందులు.

ఓడలకూ ఇదే

ఓడ నీటిలో దిగిన కొన్నాళ్ళకే అడుగున నాచు పడుతుంది, గుల్లలు అంటుకుంటాయి. వేగం తగ్గి, ఇంధనం ఖర్చు పెరుగుతుంది. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించిన జల ఉష నాటి నుంచి, నేడు చేపల రేవులో ఒరుసుకు నిలిచే మరబోట్ల దాకా ఈ బెడద అందరిదీ. దీనికి ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగులు పూసేవారు. అది సముద్రపు నత్తల లింగ లక్షణాలనే మార్చేస్తోందని తేలడంతో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా దాన్ని నిషేధించారు. 2008 సెప్టెంబర్ 17న ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఖాళీ అయిన చోట రాగి ఆక్సైడ్ రంగులు నిలిచాయి. వాటి బలం పెంచడానికి కలిపే పదార్థాల్లో జింక్ పైరిథియోన్, రాగి పైరిథియోన్ ముఖ్యమైనవి. నెత్తి మీద రాగిని కణంలోకి మోసిన అణువే ఇక్కడ నాచు మీద అదే పని చేస్తుంది.

దీన్ని మెచ్చుకునేవారు ఎండ పేరు చెబుతారు. సముద్రపు పైనీటిలో సూర్యకాంతి తగిలితే పైరిథియోన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది. అయితే ఓడల నీడలో, రేవు అడుగు బురదలో ఎండ పడదు. అక్కడ అది రాగి పైరిథియోన్‌గా మారి ఎక్కువకాలం నిలవగలదు. విశాఖ లాంటి లోపలి రేవుకు ఈ రెండో మాటే ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఎంతవరకు క్షేమం

విడి పొడికీ షాంపూకీ చాలా తేడా ఉంది. విడి పొడి ప్రమాదకరమైన రసాయనం. మింగితే విషం, గాలిలో రేగిన పొడిని పీల్చితే ప్రాణాంతకం, కంట్లో పడితే తీవ్రంగా దెబ్బతీస్తుందని ఐరోపా వర్గీకరణ చెబుతుంది. తిండితో పాటు ఎక్కువకాలం పెట్టినప్పుడు ఎలుకల వెనక కాళ్ళు చచ్చుబడ్డాయి. షాంపూలో ఉండేది వందలో ఒక వంతు. అది చర్మం మీద కొన్ని నిమిషాలే ఉంటుంది. కరగని రేణువు కాబట్టి చర్మం గుండా ఒంట్లోకి దిగేది అతి స్వల్పం. కొద్దిమందికి ఎర్రబడటం, మంట, అరుదుగా అలర్జీ వస్తాయి. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

ఐరోపా నిషేధాన్ని మన దగ్గర చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. గర్భంతో ఉన్న జంతువులకు నోటిద్వారా ఇచ్చిన పరీక్షల ఆధారంగా, పుట్టబోయే బిడ్డకు హాని చేయగల పదార్థాల జాబితాలో దీన్ని చేర్చారు. అలాంటి జాబితాకెక్కిన పదార్థం దానంతటదే సౌందర్య సాధనాల నుంచి నిషిద్ధమవుతుందని అక్కడి చట్టం. మినహాయింపు కావాలంటే వాడకం క్షేమమని నిపుణులు చెప్పాలి, బదులుగా వాడదగింది మరొకటి లేదనీ రుజువు కావాలి. నిపుణుల సంఘం 2020 మార్చిలో, కడిగేసే చుండ్రు షాంపూలో 1 శాతం వరకు క్షేమమేనని చెప్పింది. రెండో షరతు నెగ్గలేదు. పిరోక్టోన్ ఒలమీన్ లాంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కదా. కాబట్టి షాంపూ రాసుకున్నవారికి హాని జరిగిందని తేలి నిషేధించలేదు. బదులు ఉన్నప్పుడు అనుమానమున్న దాన్ని ఎందుకు ఉంచుకోవాలన్నది ఆ చట్టం ఆలోచన. ఆ ఆలోచనలో న్యాయముంది. గర్భవతులు డాక్టరును అడిగి వాడటం మంచిది.

ఒక పాత మోసాన్ని ఇక్కడ గుర్తు చేయాలి. 1990ల్లో స్పెయిన్‌లో తయారైన స్కిన్‌క్యాప్ అనే మందు జింక్ పైరిథియోన్ పేరు చెప్పుకుని సోరియాసిస్‌ను అద్భుతంగా తగ్గించింది. 1997 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక చేసింది: అందులో పైకి చెప్పని బలమైన స్టెరాయిడ్ ఉంది. మెరుపు వేగంతో నయం చేసే ఏ చర్మపు మందునైనా అనుమానించవలసిందే.

నీటి జీవులకు ఇది నిస్సందేహంగా విషం. చేప పిల్లలు గుడ్డులో ఉండగా అతి తక్కువ మోతాదు తగిలినా వెన్ను వంకర తిరుగుతుందని 1990ల చివరినుంచీ పరిశోధనలు చూపుతున్నాయి. పట్నంలో శుద్ధి కేంద్రాలున్న చోట మురుగునీటి నుంచి ఇది చాలావరకు తొలగిపోతుంది. శుద్ధి లేని ఊళ్ళలో స్నానాల నీరు కాలువల్లోకే పోతుంది. శారదా నది అనకాపల్లి మీదుగా వచ్చి రాంబిల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటిలోనో చెరువులోనో దిగి చుండ్రు షాంపూతో తలస్నానం చేయవద్దు. ఇంట్లో అవసరానికి మించి పిండుకోవద్దు.

క్షేమమంటే వాడేవారి క్షేమం ఒక్కటే కాదు. తల మీదికి వచ్చేసరికి వందో వంతుకు పలుచనయ్యే పదార్థాన్ని తయారుచేసే చోట సంచుల కొద్దీ ఎత్తాలి, ఆరబెట్టాలి, పొడి చేయాలి. పీల్చే గాలిలో పొడి రేగకుండా మూసిన యంత్రాలు, ముఖానికి తగిన మాస్కు, కళ్ళకు అద్దాలు లేకుండా ఆ పని చేయించకూడదు. రసాయన పరిశ్రమలో చిన్న లోపానికి ఎంత మూల్యమో అచ్యుతాపురానికి వేరే చెప్పనక్కర లేదు. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లో ఎసెన్షియా మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అది వేరే రసాయనాల వల్ల జరిగిన ప్రమాదం. మందు ఏదైనా, దాని భద్రత లెక్క తయారయ్యే గది నుంచే మొదలు కావాలి.

నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే, పొలుసులు మందంగా వెండిరంగులో ఉంటే, జుట్టు మచ్చలుగా ఊడుతుంటే, పిల్లల తలలో చీము పట్టిన కురుపులుంటే అది మామూలు చుండ్రు కాకపోవచ్చు. సోరియాసిస్ కావచ్చు, తామర కావచ్చు. అప్పుడు మరో ప్యాకెట్ కొనకండి. అనకాపల్లి పెద్దాసుపత్రికో విశాఖ కేజీహెచ్ చర్మవ్యాధుల విభాగానికో వెళ్ళండి. కంపెనీలకూ ప్రభుత్వానికీ ఒక విన్నపం: ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మే ప్రతి చుండ్రు షాంపూ ప్యాకెట్ మీద మందు పేరు, అది ఎంత శాతమో, ఎన్ని నిమిషాలు ఉంచాలో తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో అచ్చు వేయండి.